నెలలు నిండని బిడ్డ మెదడు: మన వాడల్లో తెలుసుకోవాల్సిన మాటలు

(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పొదుపు లెక్క, లింకేజీ లెక్క, రికవరీ లెక్క అయినంక ఒక ఆరోగ్యం మాట పెట్టుకుందామని మనం అనుకున్నాం. ఈసారి నన్ను మాట్లాడమన్నారు. నేను డాక్టర్ను కాదు, నర్సును కాదు. పదో తరగతి చదివిన. మా చెల్లెకు ముప్పయ్యో వారంలోనే కాన్పయి, 1,200 గ్రాముల ఆడబిడ్డ పుట్టింది. 41 రోజులు దవాఖానలో ఆమె పక్కన ఉన్న. కనపడ్డ ప్రతి సిస్టర్‌ను, ప్రతి డాక్టరమ్మను అడిగి అడిగి విసిగించిన. ఇంటికొచ్చినంక కూడా అడుగుడు ఆపలేదు. అట్ల నోట్‌బుక్‌లో రాసుకున్న మాటలే ఇప్పుడు చెప్తున్న. తెలియని సంగతి జోలికి పోను.

37 వారాలు నిండకముందు పుడితే నెల తక్కువ బిడ్డ అంటారు. ఇది ఎవరో ఒకరింట్లో జరిగే వింత కాదు. 2020లో ప్రపంచం మొత్తం మీద కోటీ 34 లక్షల మంది పిల్లలు ఇట్ల పుట్టారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అందులో 30 లక్షల మంది మన దేశం పిల్లలే. ప్రతి ఐదుగురిలో ఒకరు మన దగ్గరే అన్నమాట. ఈ హాల్లో కూర్చున్న మనలో ఎంతమంది ఇళ్లల్లో ఉన్నారో మీకు తెలుసు.

అట్లాంటి బిడ్డ పుట్టగానే మన ఇళ్లల్లో మొదట అడిగేది "బతుకుతదా?" అని. బతికిందంటే "ఎన్ని కిలోలు?" అని. రెండు కిలోలు దాటితే ఇక గండం గడిచినట్టే అనుకుంటాం. బిడ్డ తలలో ఏం జరుగుతోందని ఎవరూ అడగరు. మెదడు కంటికి కనపడదు, తక్కెడలో తూగదు. బరువు తక్కువైతే తర్వాతైనా పెరుగుతుంది. మెదడు తయారయ్యే కాలం మాత్రం పోతే మళ్లీ రాదు.

మన పెద్దోళ్లు ఒక మాట అంటారు: "ఏడో నెల పిల్లలు బతుకుతరు, ఎనిమిదో నెల పిల్లలు బతకరు." మా అత్త కూడా అదే అన్నది. ఇది ముమ్మాటికీ తప్పు. కడుపులో ఉన్న ప్రతి వారం బిడ్డకు లాభమే. ఎనిమిదో నెల బిడ్డకు ఏడో నెల బిడ్డకన్నా ఎప్పుడూ ఎక్కువ అవకాశమే. ఈ మాట నమ్మి ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డను "ఇది ఎట్లాగూ దక్కదు" అని పట్టించుకోకుండా ఉంచితే అది పాపం.

ఇప్పుడు మెదడు సంగతికి వస్తా. ఆరో నెలలో బిడ్డ మెదడు పైభాగం నున్నగా ఉంటుంది. పెద్దవాళ్ల మెదడు బొమ్మ మీరు పిల్లల పుస్తకాల్లో చూసే ఉంటారు, అక్రోటుకాయ గింజలెక్క ముడతలు ముడతలుగా ఉంటుంది. ఆ ముడతలు ఎక్కువగా పడేది చివరి మూడు నెలల్లోనే. ఎన్ని ముడతలు పడితే అంత ఎక్కువ మెదడు ఆ చిన్న తలలో ఇముడుతుంది. 34 వారాలకు బిడ్డ మెదడు బరువు, నెలలు నిండి పుట్టిన బిడ్డ మెదడు బరువులో మూడింట రెండు వంతులే ఉంటుందట. అంటే చివరి ఆరు వారాల్లోనే మిగతా ఒక వంతు పెరగాలె. "ఎనిమిదో నెల పడ్డది కదా, బిడ్డ తయారయ్యింది, మంచి రోజు చూసి ఆపరేషన్ చేయించుకుందాం" అని ముహూర్తాలు పెట్టుకునేవాళ్లు ఈ ఒక్క లెక్క గుర్తు పెట్టుకోండి. డాక్టర్ అవసరమని చెప్తే అది వేరే మాట. పంచాంగం కోసం మాత్రం వద్దు.

మెదడులో కరెంటు లాంటిది నడుస్తదని మీరు విన్నారా? నిజంగానే నడుస్తుంది, చాలా చిన్నది. తలకు తీగలు అంటించి కాగితం మీదనో కంప్యూటర్ మీదనో గీతలుగా చూస్తారు. ఈఈజీ అంటారు. ఫిట్స్ వచ్చేవాళ్లకు తీయడం మనకు తెలుసు. జర్మనీలో హాన్స్ బెర్గర్ అనే డాక్టర్ 1924లో మొదటిసారి మనిషి తల మీద ఇది పట్టుకున్నాడు. ఇప్పుడు పెద్ద దవాఖానల్లో అరచేతిలో పట్టే బిడ్డకు కూడా తీస్తారు.

అందులో కనపడేది వింటే ఆశ్చర్యం అయితది. మనకు నిద్రలో కూడా ఆ గీతలు ఆగవు. ఆరో నెలలోనో ఏడో నెల మొదట్లోనో పుట్టిన బిడ్డకు మాత్రం గీతలు ఒక్కసారి ఎగిసిపడతాయి, తర్వాత చప్పున ఆగిపోతాయి. పది, ఇరవై సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, ఏమీ ఉండదు. మళ్లీ ఎగిసిపడతాయి. చూసినవాళ్లకు గుండె ఆగినంత పని అయితది. కాని ఆ వయసుకు అదే సరైన తీరు. మనం ప్లాంటు పక్కన ఉన్నోళ్లం, మనకు చెప్పాలంటే ఇట్ల చెప్పొచ్చు. ఎన్టీపీసీలో కొత్త యూనిట్ కట్టినప్పుడు మొదటి రోజే గ్రిడ్‌కు కరెంటు ఇయ్యదు. లైటప్ చేస్తారు, ఆపుతారు, ఒక్కో భాగం పరీక్షిస్తారు, మళ్లీ నడుపుతారు. అట్ల నడిపి ఆపి నడిపి చివరికి గ్రిడ్‌తో కలుపుతారు. బిడ్డ మెదడు కూడా అంతే, తన తీగలు తానే కలుపుకుంటూ పరీక్షించుకుంటోంది. వారాలు గడిచిన కొద్దీ ఆ ఖాళీలు చిన్నవవుతాయి. తొమ్మిదో నెల వచ్చేసరికి మెలకువలో ఉన్నప్పుడు గీతలు ఆగకుండా నడుస్తాయి. డాక్టర్లు చూసేది బిడ్డ వారాలకు తగ్గట్టు ఈ మార్పు వస్తోందా లేదా అని.

ఇంకో సంగతి నాకు చాలా నచ్చింది. బాక్సులో పడుకున్న బిడ్డ నిద్రలో ఉలిక్కిపడి చెయ్యి కదిలిస్తుంది, కాలు తన్నుతుంది. మనం "కల వచ్చింది" అనుకుంటాం, లేకుంటే "దేవుడు నవ్విస్తున్నాడు, ఏడిపిస్తున్నాడు" అంటాం. ఫ్రాన్సు డాక్టర్లు 2007లో రాసినదాని ప్రకారం, నెలలు నిండని బిడ్డ చెయ్యి అట్ల కదిలినప్పుడు మెదడులో ఆ చేతికి సంబంధించిన చోట ఆ ఎగిసిపాటు వస్తోంది. కాలు కదిలితే కాలు చోట వస్తోంది. అంటే చెయ్యి మెదడుకు "నేను ఇక్కడున్న" అని చెప్తోంది, మెదడు ఆ మాట రాసుకుంటోంది. ఈ పని ఎక్కువగా జరిగేది నిద్రలో. అందుకే వార్డులో సిస్టర్లు "నిద్ర లేపకండి, లైటు పడనీయకండి" అని మొత్తుకుంటారు. బాక్సు మీద బట్ట కప్పేది అందుకే. చూడటానికి వచ్చిన చుట్టాలు ఫోన్ ఫ్లాష్ వేసి ఫొటో తీస్తుంటే, బాక్సు మీద తట్టి "ఓ బుజ్జీ" అని పిలుస్తుంటే నేనే అడ్డం పడ్డ. ఒక వదినకు కోపం కూడా వచ్చింది. రానీ.

అట్లని మాట్లాడొద్దని కాదు. ఆరో నెల దాటేసరికి బిడ్డకు వినపడటం మొదలైతది. కడుపులో ఉంటే వినేది తల్లి గొంతే. బాక్సులో వినేది మిషన్ల బీప్ బీప్. తల్లి మెల్లగా, దగ్గరగా మాట్లాడితే బిడ్డకు కావలసిన చప్పుడు అదే.

భయపడాల్సిన సంగతులు కూడా చెప్పాలె, దాచను. ముఖ్యంగా 32 వారాలకు ముందు పుట్టిన బిడ్డ తలలో ఒకచోట రక్తనాళాలు కాగితం కన్నా పలచగా ఉంటాయి. శ్వాస ఆడక, బీపీ ఎక్కి దిగితే అవి చిట్లి రక్తం కారవచ్చు. ఎక్కువగా మొదటి మూడు రోజుల్లోనే జరుగుతుంది. మాడు మీద ఎముక ఇంకా కలవని మెత్తటి చోటు నుంచి స్కానింగ్ చేసి చూస్తారు. సూది లేదు, నొప్పి లేదు, కడుపుతో ఉన్నప్పుడు మనకు చేసే స్కానింగ్ లాంటిదే. "తలకు స్కానింగా, పిల్లకు ఏమన్నా అయితదేమో" అని వద్దన్న తండ్రిని చూసిన. వద్దనొద్దు. కొద్దిగా కారితే చాలామందికి అదే తగ్గిపోతుంది. ఎక్కువ కారినవాళ్లకు తర్వాత కాళ్లుచేతులు బిగుసుకోవడం, తలలో నీరు చేరడం వంటివి రావచ్చు. ముందే తెలిస్తే ముందే చూసుకుంటారు.

ఇంకా ఊపిరి మధ్యమధ్య ఆపడం, రక్తంలో చక్కెర పడిపోవడం, కామెర్లు ఎక్కువ కావడం, ఒళ్లు చల్లబడటం, ఇన్‌ఫెక్షన్. ఇవన్నీ చివరికి పోయి తగిలేది మెదడుకే. చిన్నబిడ్డకు ఫిట్స్ కూడా పెద్దోళ్లకు వచ్చినట్టు రావు. పెదాలు చప్పరిస్తున్నట్టు, కాళ్లతో సైకిల్ తొక్కుతున్నట్టు, కళ్లు ఒక పక్కకు నిలబెట్టినట్టు ఉండవచ్చు. ఆడుకుంటోంది అనుకోవద్దు. వెంటనే చూపించాలె.

కంటి సంగతి ఒకటి తప్పకుండా వినండి. ముందుగా పుట్టిన బిడ్డ కంటి వెనక రక్తనాళాలు కూడా పూర్తిగా పెరిగి ఉండవు. అవి అడ్డదిడ్డంగా పెరిగితే చూపు పోతుంది. పైకి కన్ను మంచిగనే కనపడుతుంది. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్ సుభద్రా జలాలీ గారు దీని మీద ఏండ్లుగా పని చేశారు. "తీస్ దిన్ రోష్నీ కే" అని ఆమె ఒక మాట పట్టుకొచ్చారు. ముప్పై రోజుల్లోపు కంటి పరీక్ష అయితే చూపు దక్కుతుందని దాని అర్థం. 34 వారాలకు ముందు, లేదా రెండు కిలోల లోపు పుట్టిన ప్రతి బిడ్డకు పుట్టిన 30 రోజుల్లోపు కంటి డాక్టరుతో పరీక్ష చేయించాలె. మరీ చిన్న బిడ్డకు రెండు మూడు వారాలకే. డిశ్చార్జి కాగితం మీద రాసి ఉందా లేదా చూడండి, లేకుంటే అడిగి రాయించుకోండి. చూపు పోతే మెదడుకు అందాల్సిన సగం చదువు పోయినట్టే. వినికిడి పరీక్ష కూడా అడగండి.

ఇప్పుడు మన చేతుల్లో ఉన్న పెద్ద మందు గురించి. కంగారూ పద్ధతి. ఆస్ట్రేలియాలో కంగారూ తన పిల్లను సంచిలో పెట్టుకొని తిరుగుతది కదా, అట్లా. 1978లో కొలంబియా దేశం బొగోటా పట్నంలో డాక్టర్ ఎడ్గార్ రే దీన్ని మొదలుపెట్టారు. అక్కడ బాక్సులు చాలలేదు, ఒక్కో బాక్సులో ఇద్దరు ముగ్గురిని పెట్టాల్సి వచ్చింది, పిల్లలు ఇన్‌ఫెక్షన్‌తో పోతున్నారు. తల్లి రొమ్ముల మధ్య బిడ్డను బట్టల్లేకుండా ఆనించి కట్టమన్నారు. పేదల దవాఖానలో, సామాను లేక పుట్టిన పద్ధతి ఇది. ఈ పద్ధతిలో పెరిగిన పిల్లలను ఇరవై ఏండ్ల తర్వాత మళ్లీ వెతికి చూసి, 2017లో ఫలితం రాశారు. బతికి బయటపడ్డవాళ్లు ఎక్కువ, బడి ఎగ్గొట్టడం తక్కువ, కోపతాపాలూ తక్కువ.

ముందు "బిడ్డ కుదుటపడ్డాక కంగారూ మొదలు పెట్టండి" అనేవాళ్లు. 2021లో ఐదు దేశాల్లో చేసిన ఒక పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కూడా అందులో ఉంది. ఒక కిలో నుంచి 1,800 గ్రాముల లోపు పిల్లలను పుట్టిన వెంటనే తల్లి ఒంటికి ఆనిస్తే, చనిపోయేవాళ్లు నాలుగో వంతు తగ్గారు. దాని మీద 2022 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది: పుట్టిన వెంటనే మొదలుపెట్టండి, రోజుకు 8 గంటల నుంచి 24 గంటల దాకా ఎంత వీలైతే అంత చేయండి అని.

చేసే తీరు చెప్తా. బిడ్డకు డైపరు, టోపీ, సాక్సులు మాత్రమే. ముందు తెరుచుకునే జాకెట్టు, లేదా మన నైటీ చాలు. బిడ్డ నిలువుగా, రొమ్ముల మధ్య, కప్పపిల్ల లెక్క కాళ్లు మడిచి. తల ఒక పక్కకు తిప్పి, మెడ వంగిపోకుండా కొంచెం పైకి. ముక్కు మూసుకుపోకుండా చూసుకోవాలె. మెత్తటి చీరగుడ్డతో కట్టాలె. కనీసం ఒక గంట తీయొద్దు. కూర్చోవచ్చు, నడవచ్చు, దిండ్లు పెట్టుకొని వెనక్కి ఒరిగి పడుకోవచ్చు. తల్లి అలసిపోతే తండ్రి, అత్త, చెల్లె ఎవరైనా సరే, శుభ్రంగా స్నానం చేసి, జబ్బు లేకుండా ఉంటే చాలు. మా చెల్లె భర్త కాంట్రాక్టు కార్మికుడు. షిఫ్టు దిగి వచ్చి, బొగ్గు మసి పోయేదాకా రెండుసార్లు సబ్బు రుద్దుకొని, ఛాతీ మీద బిడ్డను పెట్టుకొని కూర్చునేవాడు. మొదటి రోజు సిగ్గుపడ్డాడు. మూడో రోజు "నా టైం అయ్యింది, ఇయ్యి" అని అడిగిండు.

"మే నెలల రామగుండం ఎండకు ఇదేం కట్టుడు" అని అడిగిన పెద్దమ్మలున్నారు. పలచని కాటన్ గుడ్డ కట్టుకోండి, ఫ్యాను బిడ్డ మీద నేరుగా తగలకుండా పెట్టుకోండి. తక్కువ బరువు బిడ్డకు ఎండాకాలంలో కూడా రాత్రిపూట కూలర్ గాలికి కాళ్లుచేతులు చల్లబడతాయి. పట్టుకొని చూస్తే మీకే తెలుస్తుంది.

పాలు తల్లివే. పీల్చలేకపోతే పిండి గొట్టంతోనో చిన్న గిన్నెతోనో పట్టిస్తారు. నిలోఫర్ దవాఖానలో తల్లిపాల బ్యాంకు కూడా ఉంది, తల్లికి పాలు రాని బిడ్డలకు వేరే తల్లులు ఇచ్చిన పాలు పోస్తారు. మన వీధిలోకి గాడిదను తోలుకొచ్చి, చిన్న సీసా మూతకు ఇన్ని పైసలని అమ్మేవాళ్లున్నారు. నెల తక్కువ బిడ్డకు అది ఇన్‌ఫెక్షన్ కొనుక్కున్నట్టే. తేనె నాకించడం, సాంబ్రాణి పొగ పట్టడం, ముక్కులో ఆముదం పోయడం, కడుపు మీద వాత పెట్టడం ఏదీ వద్దు. తలను గుండ్రంగా చేస్తామని నొక్కడం అసలే వద్దు. లోపల ఏముందో ఇప్పుడే చెప్పిన కదా.

కాన్పుకు ముందు చేయగలిగింది కూడా ఉంది. నెలలు నిండకముందే నడుము నొప్పి అలలు అలలుగా వచ్చినా, నీళ్లు పోయినా, రక్తం కనపడినా, మంత్రం వేయించుకుంటూ, సోడా తాగుకుంటూ కూర్చోవద్దు. 24 నుంచి 34 వారాల మధ్యన అయితే తల్లికి ఒక సూది మందు ఇస్తారు, డెక్సామెథసోన్. బిడ్డ ఊపిరితిత్తులు తయారవుతాయి, తలలో రక్తం కారడం కూడా తగ్గుతుంది. 12 గంటలకొకటి, నాలుగు సూదులు. అందుకే గంటలు ముఖ్యం. 32 వారాల లోపైతే పెద్ద దవాఖానలో బిడ్డ మెదడు కాపాడటానికి మెగ్నీషియం సూది కూడా ఇస్తారు. చిన్న నర్సింగ్ హోంలో కాన్పు చేయించి, తర్వాత బిడ్డను అంబులెన్సులో కరీంనగర్‌కో హైదరాబాద్‌కో పంపడం కన్నా, కడుపులో ఉండగానే తల్లిని నవజాత శిశువుల వార్డు ఉన్న చోటికి తీసుకుపోవడం మంచిది. మన తల్లి కడుపును మించిన అంబులెన్సు లేదు. 2011 నుంచి జననీ శిశు సురక్ష కింద ప్రభుత్వ దవాఖానలో కాన్పు, జబ్బు చేసిన శిశువు చికిత్స, మందులు, బండి అన్నీ ఉచితం. గోదావరిఖని ప్రభుత్వ దవాఖాన కూడా 2022లో మెడికల్ కాలేజీ వచ్చినంక బోధనాసుపత్రి అయ్యింది. ముందు అక్కడ అడిగి తెలుసుకోండి. తాళి కుదువబెట్టేది తర్వాత.

ఇంటికొచ్చినంక అసలు పరీక్ష. మా చెల్లె బిడ్డకు తొమ్మిది నెలలు నిండినా కూర్చోలేదు. "ఎదురింటి పిల్ల పాకుతోంది, మన పిల్ల కూర్చుంటలేదు, మొద్దు పుట్టింది" అన్నారు. చెల్లె రాత్రంతా ఏడ్చింది. పది వారాలు ముందు పుట్టిన బిడ్డకు ఆ పది వారాలు తీసేసి వయసు లెక్కగట్టాలె. తొమ్మిది నెలలంటే దానికి నిజానికి ఆరున్నర నెలలు. అప్పుడు కూర్చోకపోవడం వింతేం కాదు. రెండేండ్లు నిండేదాకా ఇట్లనే లెక్క వేయాలె. టీకాలు మాత్రం పుట్టిన తారీఖు ప్రకారమే వేయించాలె, అక్కడ తీసివేత లేదు.

సరిచేసిన వయసులో మూడు నెలలకు కూడా తల్లి ముఖం చూడకపోయినా, ఐదు నెలలకు మెడ నిలపకపోయినా, ఎప్పుడూ పిడికిలి బిగించే ఉన్నా, కాళ్లు కత్తెర లెక్క బిగుసుకున్నా, ఒక్క చెయ్యే వాడుతున్నా ఆశ అక్కకు చెప్పండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం టీం అంగన్‌వాడీకి వస్తుంది, వాళ్లకు చూపించండి. మొదటి రెండేండ్లలో మెదడు ఒక దారి పాడైతే వేరే దారి వెతుక్కునే శక్తి ఎక్కువ. "మూడేండ్లు వస్తే అదే సర్దుకుంటది" అని ఆగితే ఆ కాలం పోతుంది. చాలామంది పిల్లలకు, ముఖ్యంగా 32 వారాలు దాటి పుట్టినవాళ్లకు, ఏ ఇబ్బందీ రాదు. మా పిల్ల ఇప్పుడు అంగన్‌వాడీలో ఎవరి పలకైనా గుంజుకుంటది.

ఇక మన సంఘాల సంగతి. చెల్లె దవాఖానలో ఉన్న ఆరు వారాలు ఆమె సంఘంలో మీటింగుకు రాలేదని జుర్మానా రాశారు. కిస్తు ఒక నెల ఆగితే ఇంటి మీదికి వచ్చి అడిగారు. సంఘం పేరు చెప్పను. వాళ్లు రూలు ప్రకారమే చేశారు. కాని ఆ కిస్తు కట్టడానికి ఆమె ఇరవై రోజులకే ఇంటికి పోయి మిషన్ కుట్టాలని చూసింది. రోజుకు ఎనిమిది గంటలు బిడ్డను ఛాతీకి కట్టుకోవాల్సిన తల్లి మిషన్ మీద కూర్చుంటే ఆ ఎనిమిది గంటలు ఎవరిస్తారు? ఆ నెల నేను కట్టిన కాబట్టి ఆగింది. అక్క లేని ఆడదానికి ఎవరు కడతారు?

అందుకని మూడు మాటలు ఈ రోజే తీర్మానం పుస్తకంలో రాయించమని అడుగుతున్న. ఒకటి, బిడ్డ నవజాత శిశువుల వార్డులో ఉన్నన్ని రోజులు, ఇంటికొచ్చినంక రెండు నెలలు ఆ తల్లికి మీటింగు జుర్మానా ఉండొద్దు. రెండు, ఆ కాలంలో ఆమె బ్యాంకు కిస్తు, స్త్రీనిధి కిస్తు సంఘం పొదుపు నుంచి కట్టి, తర్వాత వడ్డీ లేకుండా తిరిగి తీసుకోవాలె. మూడు, సంఘంలో ఇద్దరు సభ్యులు వంతుల వారీగా వాళ్లింటికి అన్నం పంపాలె, రోజుకు ఒక గంట పెద్ద పిల్లలను చూసుకోవాలె. రెండో మాట మీద లెక్కలు ఎట్ల అని అకౌంటెంట్ అక్క అడిగింది. మా సంఘం లెక్క నేను వేసి తెచ్చిన, కాగితం ఆమె దగ్గర ఉంది, చూసి మాట్లాడండి. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి, ఆర్పీ అక్క పేర్లు రాసుకుంటది.